కళింగపట్నం ఒడ్డున ఒక పూట భోజనం

మా బావ హైదరాబాదు నుంచి వచ్చిన ప్రతిసారీ ఒకటే అడుగుతారు. "మీకు ఇంత సముద్రం ఉంది కదా, ఒడ్డున కూర్చుని చేపల పులుసుతో అన్నం తినే చోటు ఒక్కటి చూపించు." విశాఖ బీచ్ రోడ్డులో తిని వచ్చిన మనిషి ఆ మాట అడగడంలో తప్పేమీ లేదు. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉందని బడిలో పిల్లలకి పాఠం చెప్పేదాన్ని నేనే. కానీ ఆ తీరంలో కూర్చుని తినే చోటు ఎక్కడుందంటే నా దగ్గర జవాబు లేకపోయింది.

పోయిన సంక్రాంతికి ఆయన అడిగారని అందరం కారేసుకుని కళింగపట్నం వెళ్ళాం. అమ్మ, అప్ప (మా అక్కని నేనలాగే పిలుస్తాను), బావ, వాళ్ళ పిల్లలిద్దరు, నేను. బయల్దేరేసరికే పదకొండు దాటింది. ఒడ్డుకి చేరేసరికి ఎండ నెత్తి మాడుస్తోంది, ఇసకలో కాలు పెట్టలేకపోయాం. పడవలన్నీ ఒడ్డెక్కి బోర్లా పడుకున్నాయి. మరమరాల బండి, కూల్‌డ్రింకులు, చిప్స్ ప్యాకెట్లు తప్ప ఏమీ లేవు. ఆకలేసి శ్రీకాకుళం టౌనుకి తిరిగొచ్చి మూడింటికి ఒక హోటల్లో చేపల భోజనం చేశాం. నోట్లో పెట్టుకోగానే ముక్క పిండిలా విడిపోయింది. మసాలా ఘాటుకి వాసన తెలియలేదు. ఆ రాత్రి అప్ప చిన్నకొడుకు నాలుగుసార్లు వాంతి చేసుకున్నాడు. తెల్లారే వరకు వాడి పక్కనే కూర్చున్నాం. అప్ప నన్నేమీ అనలేదు. కానీ సముద్రం పక్కన పుట్టి పెరిగి, ఇంటికొచ్చిన పసివాడికి మంచి చేప పెట్టలేకపోయానన్న బాధ నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఆ సంగతి మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడతో చెప్పాను. ఆవిడ పుట్టిల్లు కళింగపట్నం పక్కనే, బెస్త పల్లె. అంతా విని, "మజ్జాన్నం ఎల్తే ఏటుంటాదమ్మా? సేప తెల్లారగట్ల ఒడ్డుకొస్తాది. ఎనిమిదయ్యేసరికి అయిసు పెట్టెలెక్కీసి ఎల్లిపోద్ది. మా పిన్నుంది అక్కడ, నేను ఫోన్ చేసి సెప్తాను. ఆవిడ సేత వొండించుకోండి" అంది. ఇంకా చాలా జాగ్రత్తలు చెప్పింది. నోట్లు పట్టుకెళ్ళాలి, ఒడ్డున ఫోన్ పే అంటే అన్నిచోట్లా కుదరదు. బియ్యం, నూనె మనమే తీసుకెళ్ళాలి. ఒడ్డున జరిగే వేలంపాటలో కుప్ప మన పేరు మీద తెగాక మళ్ళీ బేరం ఆడకూడదు, అది ఒడ్డు మర్యాద కాదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ముందురోజు రాత్రి ఫోన్ చేసి పడవలు వేటకి వెళ్ళాయో లేదో కనుక్కోవాలి. ఆ ఒక్క మాట తెలియకే మేం సంక్రాంతికి అలా తిరిగొచ్చాం.

మార్చి మొదటి ఆదివారం అప్పవాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు నాలుగున్నరకే బయల్దేరాం. టౌను నుంచి ముప్పై కిలోమీటర్ల లోపే. పొలాల మీద మంచు, తాటిచెట్లు నల్లగా, రోడ్డు మీద మా కారు తప్ప మోటారు సైకిళ్ళే. ఒక్కో బండి వెనక తెల్లటి ఐసు పెట్టె కట్టి ఉంది. వాళ్ళు కూడా మా దారే. ఊరు దగ్గరపడుతుంటే లైట్‌హౌస్ వెలుగు ఆకాశం మీద తిరుగుతూ కనిపించింది. ఇక్కడ మొదట 1876లో లైట్‌హౌస్ కట్టారు. అప్పట్లో ఇది ఓడలొచ్చే రేవు. ఇప్పుడు సరుకు ఓడలు రావు, వేటకెళ్ళిన పడవలకి ఆ దీపం గుర్తు. చీకట్లో అది తిరగడం పిల్లలు ఇద్దరూ కారు అద్దానికి ముఖం ఆనించి చూశారు.

వంటావిడ పిన్ని మాకోసం ఒడ్డునే ఉంది. అరవై దాటిన మనిషి. ముతక చీర మోకాళ్ళ దాకా ఎత్తికట్టి, చంకలో సత్తు బేసిను. "సికాకులం నుంచి వొచ్చింది మీరేనా? రండి రండి, ఇంకా రాలేదు, ఇలా కూకోండి" అని మా అమ్మ కోసం ఎవరి పడవ దగ్గర్నుంచో ప్లాస్టిక్ కుర్చీ లాక్కొచ్చింది. అక్కడ పాతిక ముప్పై మంది ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా కూర్చుని ఉన్నారు. మాటలు తక్కువ. అందరి చూపూ సముద్రం మీదే.

మొదటి పడవ వచ్చేసరికి తూర్పు ఎర్రబడింది. కెరటం వెనక కాసేపు ఆగింది. ఎందుకాగిందని అప్ప పెద్దకొడుకు అడిగితే, "పెద్ద కెరటాలు మూడు పోవాల, అప్పుడు దూరతాది" అంది పిన్ని. ఇక్కడ హార్బర్ లేదు, జెట్టీ లేదు. పడవ కెరటాల మీదుగా నేరుగా ఇసకలోకి రావాలి. ఒక్కసారి లెక్క తప్పితే తలకిందులే. నిజంగానే మూడు పెద్ద కెరటాలు విరిగాక మోటారు గర్రుమని, పడవ ఒక్క ఊపున ఒడ్డుకి దూసుకొచ్చింది. వెనకున్నతను మోటారు పైకెత్తేశాడు. ఒడ్డునున్న మగవాళ్ళు పరుగెత్తి భుజాలు ఆనించి "ఐసా" అంటూ తోశారు. బావ కూడా ప్యాంటు మడిచి వెళ్ళి భుజం వేశారు. ఎవరూ ఆయన్ని కొత్తగా చూడలేదు, చోటిచ్చారు.

తర్వాత వల దులిపారు. నలుగురు వల నాలుగు పక్కలా పట్టుకుని కొట్టి విదిలిస్తుంటే నెత్తళ్ళు ఇసక మీదికి రాలాయి. నేను ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుని చూశాను. వేలంత లేదు. ఒళ్ళంతా గాజులాగా, లోపలి ముల్లు నీడలా కనిపించేంత పల్చన. తల దగ్గర్నుంచి తోక దాకా పక్కన వెండి జరీ అంచు ఒకటి. బజార్లో మేం కొనే నెత్తళ్ళకి ఆ జరీ ఉండదు, మా దగ్గరికొచ్చే లోపే మాసిపోతుంది. నా చేతిలో ఉన్నదానికి నిగనిగా మెరుస్తోంది. వాసన లేదు. ఉన్నదల్లా ఉప్పునీటి వాసనే.

పాట మొదలైంది. పాడేది ఆడవాళ్ళే. ఒకావిడ కుప్ప ముందు నిలబడి ధర చెబుతుంది, చుట్టూ ఉన్నవాళ్ళు పైకి లాగుతారు. కేకల్లేవు, కొందరైతే కళ్ళతోనే సరే అనేస్తున్నారు. రెండు నిమిషాల్లో కుప్ప తెగిపోతుంది. ఒక పడవలో మంచి కోనేం (వంజరం) వచ్చింది, మూరెడు పైనే ఉంటుంది. బావ ఆశపడ్డారు. ఐసు పెట్టెలవాళ్ళు పాటలోకి దిగేసరికి ధర మాకందలేదు. పిన్ని నవ్వి, "దాని జోలికెల్లకండి బాబూ. అది ఇక్కడోళ్ళు తినేది కాదు, అయిసెక్కి వైజాగెల్లిపోద్ది. నెత్తళ్ళు, కానాగంతలు తీసుకోండి, కడుపు నిండా తినండి" అంది. ఆ మాట అప్పుడు మామూలుగానే విన్నాను. తర్వాత ఆలోచిస్తే, పట్టినవాళ్ళ ఇళ్ళలో ఆ చేప ఏడాదికెన్నిసార్లు ఉడుకుతుందో అనిపించింది.

నెత్తళ్ళ కుప్ప రెండు వందలకి మా పేరు మీద తెగింది. కానాగంతలు (ఇంగ్లీషులో మాకెరెల్ అంటారు) పిన్ని ఏరింది. మొప్ప వేలితో ఎత్తి లోపల ఎరుపు చూసింది, కన్ను ఉబ్బుగా తేటగా ఉందా చూసింది, వీపు మీద బొటనవేలు నొక్కి వదిలింది. నొక్కిన చోటు వెంటనే పైకి లేచింది. "గుంట పడి అలాగే ఉంటే నిన్నటిది" అంది. సంక్రాంతినాడు టౌన్లో మేం తిన్న ముక్క గుర్తొచ్చింది. ఈ మూడు విషయాలు మా అమ్మకి తెలుసు, నేర్చుకోవాలని నాకే ఎప్పుడూ తోచలేదు. డజను కానాగంతలు మూడొందలు. ఏడున్నరకల్లా ఒడ్డు ఖాళీ. ఐసు పెట్టెల బండ్లు వరసగా రోడ్డెక్కేశాయి.

పిన్ని ఇల్లు ఒడ్డుకి నాలుగడుగుల దూరంలో ఉంది. రెండు గదుల పక్కా ఇల్లు, ముందు రేకుల పంచ. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను ఈ కళింగపట్నానికి కాస్త ఉత్తరంగా తీరం దాటింది. అప్పుడు పాత రేకులు ఎగిరిపోయాయట, ఇవి తర్వాత వేసినవి. పంచలో మట్టి పొయ్యి, పక్కన ఎండిన సరుగుడు పుల్లల మోపు.

నెత్తళ్ళు బాగు చెయ్యడానికి మేమూ కూర్చున్నాం. అప్ప, నేను, పిన్ని, పిన్ని కోడలు. తలని రెండు వేళ్ళ మధ్య పట్టి కొంచెం వంచి లాగితే తలతోపాటు లోపలి పేగు దారంలా వచ్చేస్తుంది. పిన్నికి ఒక్కో చేపకి ఒక రెప్పపాటు. నాకు మొదట్లో తలొకచోట, పేగొకచోట తెగింది. "తొందరేటి, మెల్లగా లాగు" అని నా వేలు పట్టుకుని చూపించింది. పదో చేపకి నాకూ వచ్చింది. తర్వాత రాళ్ళుప్పు వేసి నాలుగు నీళ్ళు మార్చి కడిగింది. కానాగంతలకి అడ్డంగా గాట్లు పెట్టి ఉప్పు, పసుపు రాసి పక్కన పెట్టింది.

నెత్తళ్ళలోకి మామిడికాయ. పిందెలు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. చెక్కుతోనే ముక్కలు కోసింది. వెడల్పు మట్టి దాకలో నెత్తళ్ళు, మామిడి ముక్కలు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, కారం, పసుపు, ఉప్పు, నూనె అన్నీ కలిపి చేత్తోనే ఒకసారి పైకీ కిందకీ చేసి, గుప్పెడు నీళ్ళు చల్లి పొయ్యి మీద పెట్టేసింది. తాలింపు లేదు, మసాలా లేదు. అప్ప గరిటె అందివ్వబోతే వద్దంది. గరిటె పెడితే నెత్తళ్ళు చితికిపోతాయి, దాకనే గుడ్డతో పట్టి తిప్పాలి. పులుసుకి మాత్రం చింతపండు రసం చిక్కగా తీసి మరగనిచ్చి, చివర్లో కానాగంతలు వేసింది. రెండు చేపలు పిల్లల కోసమని నిప్పుల మీద కాల్చింది.

పులుసు దగ్గరపడే లోపు తిరిగి రమ్మంటే పిల్లల్ని శాలిహుండం తీసుకెళ్ళాం. అయిదారు కిలోమీటర్లు. కొండ ఎక్కితే ఇటుకల స్తూపాలు, కింద వంశధార. ఎక్కడో ఒడిశా కొండల్లో పుట్టి రెండున్నర వందల కిలోమీటర్లు నడిచి వచ్చిన ఏరు, చివరికొచ్చేసరికి వెడల్పుగా, తొందర లేకుండా సముద్రంలో కలుస్తుంది. ఈ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో బయటపెట్టింది గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన పుట్టిన పర్వతాలపేట కూడా ఈ వంశధార ఒడ్డునే. పెద్దవాడు నన్నడిగాడు, "పిన్నీ, ఆ మామ్మ 'ఏటి' అంటుందేంటి, 'ఏమిటి' కదా?" అని. జనం నోట్లో ఉన్న తెలుగే రాతలోకి రావాలని జీవితమంతా పోరాడిన మనిషిది ఈ గడ్డేనని, ఆ 'ఏటి' కూడా మన తెలుగేనని వాడికి చెప్పాను. బడిలో ఎన్నోసార్లు చెప్పిన పాఠమే. కానీ ఏరు చూపిస్తూ చెప్పడం అదే మొదటిసారి. మ్యూజియం తలుపు ఇంకా తెరవలేదు, చూడకుండానే దిగిపోయాం.

తిరిగొచ్చేసరికి పంచలో చాప వేసి ఉంది. మా అమ్మ, పిన్ని పొయ్యి దగ్గర కబుర్లలో ఉన్నారు. అప్పుడే పిన్ని ఫోన్ మోగింది. వీడియో కాల్. వాళ్ళబ్బాయి, గుజరాత్‌లో వీరావల్ నుంచి. అక్కడి పెద్ద వేట బోట్లలో కలాసీ, అంటే బోటు మీద పనివాడు. బోటు ఆ ఉదయమే రేవుకి వచ్చిందట. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ మాట ఉండదు, ఒడ్డుకొస్తేనే.

"ఏటి వొండేవమ్మా?" అన్నాడతను. పిన్ని ఫోన్ తిప్పి దాక మీద పెట్టింది. ఆవిరికి తెర మసకబారితే కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. అతనేమీ మాట్లాడలేదు. కాసేపు అలా దాకలోకే చూశాడు. "మావిడికాయేసేవా?" అన్నాడు. "ఏసేను నాయనా" అంది పిన్ని. అంతే. తర్వాత డబ్బుల సంగతి, పిల్లాడి బడి సంగతి మాట్లాడుకున్నారు. మా అప్ప పొయ్యిలోకి చూస్తూ కూర్చుంది.

మా జిల్లా తీరంలో ఇలాంటి ఇళ్ళు లెక్కలేనన్ని. ఇక్కడ పెద్ద బోటు నిలబడే చోటు లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట నిషేధం, అది చేపలు గుడ్లు పెట్టే కాలం, ఉండాల్సిందే. మిగతా రోజుల్లోనైనా చిన్న పడవ మీద వచ్చేది ఇల్లు గడవడానికి చాలదు. అందుకని వయసు మగవాళ్ళు వర్షాకాలంలో వీరావల్ వెళ్ళి వేసవికి తిరిగొస్తారు. 2018 నవంబరులో మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు అక్కడి సముద్రంలో పాకిస్తాన్‌కి పట్టుబడి, 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. అదే ఏడాది లాక్‌డౌన్‌లో వేలమంది వీరావల్‌లో చిక్కుకుని బస్సుల్లో రోజుల తరబడి ప్రయాణం చేసి ఇల్లు చేరారు. "ఫోన్ రాకపోతే నాకు కూడెక్కదు" అని పిన్ని అంటే నాకు ఏం చెప్పాలో తెలియలేదు. మా జిల్లాలోనే బుడగట్లపాలెంలో ఫిషింగ్ హార్బర్ అని ఏళ్ళుగా వింటున్నాం. అది నిలబడితే ఈ అబ్బాయిలు ఇంటి దగ్గరే వేట చేసుకుంటారన్నది నా ఆశ.

భోజనం గురించి ఎలా చెప్పాలి? వేడి అన్నంలో నెత్తళ్ళ కూర కలిపితే మామిడి పులుపు ముందు తగిలింది, తర్వాత చేప తీపి. తాజా చేప తియ్యగా ఉంటుందని అమ్మ ఎప్పుడూ అనేది, ఆ రోజే నాకు నాలుకకి తెలిసింది. ముల్లు కూడా నమిలేయొచ్చు. పులుసులో కానాగంత వీపు దగ్గర పొరలు పొరలుగా విడింది, పిండి కాలేదు. సంక్రాంతికి జబ్బు పడ్డ చిన్నవాడు చేప అనగానే మొదట మొహం తిప్పుకున్నాడు. పిన్ని వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, కాల్చిన కానాగంత ముల్లు తీసి ముద్ద ముద్దకీ ఊది పెట్టింది. మొత్తం చేప తిన్నాడు. మా అమ్మ మూడోసారి అన్నం పెట్టించుకుంది. బావ చాలాసేపు మాట్లాడలేదు, చెయ్యి కడుక్కుని వచ్చి, "నేనిన్నేళ్ళూ హోటల్ వెతికాను" అన్నారు.

ఇక డబ్బు. ఎంతివ్వాలంటే పిన్ని "మీకు తోసింది" అంది. ఇది ముందే మాట్లాడుకోవాలి, నేను మాట్లాడుకోకుండా పొరపాటు చేశాను. మంచితనం కొద్దీ వాళ్ళు అడగరు, మనం తక్కువిచ్చి వచ్చేస్తాం. పొద్దుటి నుంచి ఇద్దరు మనుషుల పని, పొయ్యి, పుల్లలు, చాప. అప్ప, నేను అనుకుని వెయ్యి రూపాయలిచ్చాం. వద్దని అయిదు వందలు తిరిగివ్వబోతే కోడలి చేతిలో పెట్టాం. చేపలతో కలిపినా ఆరుగురికీ పదిహేను వందలే. సంక్రాంతినాటి హోటల్ బిల్లు ఇంతకు రెట్టింపు. ఎవరైనా ఇక్కడికి వెళ్తే నేను చెప్పేది ఒకటే, పెందలాడే వెళ్ళండి, ఒడ్డునే కొనండి, ఆ ఊరివాళ్ళ చేతే వండించుకోండి, డబ్బు ముందు మాట్లాడుకోండి. ఆకులు, కాగితాలు ఒడ్డున పారేసి రావద్దు, పడవ లాగేది ఆ ఇసకలోనే.

బయల్దేరుతుంటే మిగిలిన పులుసు గిన్నెలో పోసి మూత కట్టి ఇచ్చింది. "రేపు సద్దన్నంలో తినండి, రేపే బాగుంటాది." తన నంబరు నా ఫోన్‌లో కొట్టించింది.

ఏప్రిల్ మొదటి శనివారం రాత్రి, నిషేధం మొదలయ్యే లోపు మరోసారి వెళ్దామని ఫోన్ చేశాను. ఈసారి మా బడి టీచర్లు నలుగురు వస్తామన్నారు. వెనక గాలి హోరు వినిపిస్తోంది.

"రేపు రావద్దమ్మా. గాలి బాగులేదు, పడవలు తియ్యలేదు" అంది పిన్ని. "అబ్బాయి వొచ్చే వారం వొచ్చేస్తన్నాడు. టిక్కెట్టు తీసీసేడు."

టీచర్లకి ఫోన్ చేసి రేపు లేదని చెప్పాను.